టెంట్ హౌస్ అని రాయకూడదన్నారు

మా నాన్నది అనకాపల్లిలో టెంట్ హౌస్. నేను ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉండగా ఆయన ఒక పెళ్ళి పందిరి మీంచి జారిపడి నడుం విరగ్గొట్టుకున్నారు. అప్పటికి అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీవాళ్ళు నన్ను ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. కంపెనీ బస్సు మా వీధి చివరే ఆగేది. నేను ఆ బస్సు ఎక్కలేదు, షాపు తెరిచాను. అందులో త్యాగమేమీ లేదు. నాన్న మంచం మీద ఉండగా షాపు బాబాయి చేతికి వెళ్తే ఇక తిరిగి రాదని నాకు తెలుసు, అంతే.

బాబాయి నాన్నకి సొంత తమ్ముడు, షాపులో వాటాదారు. నేను కౌంటర్లో కూర్చున్న మొదటి రోజు నుంచీ ఆయనకి నేనంటే గిట్టదు. కూలీలకి నేనొక మాట చెబితే ఆయన ఇంకొకటి చెప్పేవాడు. కుర్చీలు ఒక ఊరు వెళ్ళాల్సి ఉంటే వ్యాను ఇంకో ఊరు పంపించేవాడు. నేనూ ఊరుకోలేదు. వ్యాను తాళాలు నా దగ్గరే పెట్టుకున్నాను. గోడౌన్‌కి కొత్త తాళం వేశాను. ఒకే షాపులో కూర్చుని నెలల తరబడి మేమిద్దరం కూలీల ద్వారానే మాట్లాడుకున్నాం.

షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు, జనరేటరు మా దగ్గర ముందు నుంచీ ఉన్నవే. నేను వచ్చాక శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సు కొన్నాను. మా వైపు దాన్ని ఐసు పెట్టె అంటారు. దూరాన ఉన్న కొడుకో కూతురో వచ్చేదాకా శవాన్ని ఉంచాలంటే విశాఖపట్నం నుంచి తెప్పించుకోవాల్సి వచ్చేది. దాన్ని షాపులో దించిన రోజునే బాబాయి బంధువులందరికీ ఫోన్లు చేశాడు. “ఆడగుంట సావులకి ఐసు పెట్టి అద్దెకిత్తంది. రేపు దీన్నెవులు సేసుకుంతారు?” అన్నాడట. ఆ తర్వాత మా ఇంటికి సంబంధాలు రావడం నిజంగానే తగ్గిపోయింది. అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఆ ఫోన్లు ఎవరెవరికి వెళ్ళాయో కనుక్కుని, వాళ్ళ ఇళ్ళకి వెళ్ళడం మానేశాను.

బిజినెస్ స్కూలు సంగతి ఇంకో కోపంలోంచి పుట్టింది. అచ్యుతాపురంలో ఒక కంపెనీ వార్షికోత్సవానికి మేం పందిరి వేస్తున్నాం. దాని బాధ్యత చూస్తున్న మేనేజరు నాకంటే చిన్నవాడు. నేను జనరేటరు దగ్గర నిలబడి కేబుల్ వేయిస్తుంటే వచ్చి మీ ఓనర్ని పిలువు అన్నాడు. నేనే ఓనర్నన్నాను. నా చేతులకంటిన గ్రీజు చూసి, పక్కనున్న ఆయనతో ఇంగ్లీషులో, వీళ్ళకో పద్ధతీ పాడూ ఉండదని చెప్పాడు. నాకు ఇంగ్లీషు రాదనుకున్నాడో, వచ్చినా ఫరవాలేదనుకున్నాడో తెలీదు. అతను ఒక పెద్ద బిజినెస్ స్కూల్లో చదివి నేరుగా ఇక్కడికే వచ్చాడని సాయంత్రం వాళ్ళ సెక్యూరిటీ అతను చెప్పాడు. ఆ రాత్రి ఇంటికెళ్ళి ఆ స్కూల్లో చేరాలంటే ఏం చేయాలో ఫోన్లో వెతికాను. ఎంబీఏ ఎందుకని అడిగితే చాలామంది దేశానికి ఏదో చేద్దామని రాస్తారు. నాకు మాత్రం అతని మీద కోపం.

పరీక్షకి షాపులోనే చదివాను. స్కోరు బాగానే వచ్చింది. అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. వ్యాసాలు రాయాలి, మన పని తెలిసినవాళ్ళ చేత సిఫార్సు ఇప్పించాలి, ఆ పైన ఇంటర్వ్యూ. ఇవన్నీ నేర్పించే కన్సల్టెంటు ఒకాయన విశాఖపట్నంలో ఉన్నాడంటే వెళ్ళాను. ఏసీ గది. సీట్లు వచ్చినవాళ్ళ ఫోటోలు గోడ నిండా ఉన్నాయి. అందరూ సాఫ్ట్‌వేరు, బ్యాంకు, కన్సల్టింగ్. ఆయన నేను రాసుకెళ్ళినది సగం చదివి పెన్ను మూత పెట్టేశాడు.

“టెంట్ హౌస్ అని రాయకండి మేడమ్. ఈవెంట్ మేనేజ్‌మెంట్ అందాం. ఆ శవాల సంగతి అసలే వద్దు. చదివేవాళ్ళకి కడుపులో తిప్పుతుంది.”

జీవితంలో తీసుకున్న కష్టమైన నిర్ణయం గురించి రాయమంటే నేను తుమ్మపాల పెళ్ళి గురించి రాశాను. అక్కడ ఒక చెరుకు రైతు కూతురి పెళ్ళికి పందిరి, దీపాలు, వంట సామాను అంతా మాదే. పెళ్ళి సాయంత్రం. ఆ ఉదయమే పక్కింటి ముసలాయన పోయాడు. పిల్లలు దూరాన ఉన్నారు, ఐసు పెట్టె పంపమని వాళ్ళు ఫోన్ చేశారు. ఎండాకాలం. పెళ్ళికూతురి తండ్రి నన్ను పక్కకి పిలిచి, తాళి కట్టేదాకా పెట్టె ఆ వీధిలోకి రాకూడదని, పెట్టె వేరే ఊరు వెళ్ళిందని వాళ్ళకి చెప్పమని అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వెనక సందులోంచి, పశువుల పాక పక్కనుంచి పెట్టె పంపించాను. పెళ్ళికొచ్చేవాళ్ళు చావింటి ముందు నుంచి రాకుండా, వీధి మొదట్లో కట్టిన పెళ్ళి స్వాగత గుమ్మం పీకించి పడమటి వైపు వీధిలో కట్టించాను. మైకు ఆపించాను. ఆయన చుట్టాలందరి ముందూ నన్ను తిట్టాడు. ఆడదాన్నని కూడా చూడలేదు. “నా శుభకార్యానికొచ్చి నా గుమ్మంలోకి సావు తెత్తావా?” అన్నాడు. చావు జరిగిన ఇంటివాళ్ళు కూడా సంతోషించలేదు. దొంగల్లా వెనక సందులోంచి తెచ్చానని వాళ్ళ కోపం. ఆ తర్వాత రెండు కుటుంబాల తాలూకు ఒక్కరూ మా షాపు గుమ్మం ఎక్కలేదు. చూశారా అని బాబాయి ఊరంతా చెప్పుకున్నాడు.

కన్సల్టెంటు ఆ కథని మార్చాడు. ఆయన రాసినదాంట్లో నేను రెండు కుటుంబాలనీ కూర్చోబెట్టి మాట్లాడాను, ఇద్దరూ ఆనందించారు, పెళ్ళివాళ్ళు నాకు చీర కూడా పెట్టారు. ఎవరూ ఆనందించలేదని నేనన్నాను. ఆయన విసుక్కున్నాడు. “మీ కోపం ఎవరికీ అక్కర్లేదు మేడమ్. వాళ్ళకి గ్రోత్ కావాలి.”

ఆ యేడు ఆయన రాసినదే పంపించాను. ఒక స్కూలువాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. నా పని గురించి కన్సల్టెంటు వాడిన పెద్ద పెద్ద మాటలు ఒక్కొక్కటీ చూపించి, అంటే ఏమిటని అడిగింది అక్కడొక ఆవిడ. ఆఖరికి షామియానాలు అద్దెకిస్తామని చెప్పాను. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా అంది. మిగతా ఇద్దరూ నవ్వారు. సీటు రాలేదు. కన్సల్టెంటుకి ఫోన్ చేస్తే, ఇంటర్వ్యూలో నా కాన్ఫిడెన్స్ చాల్లేదన్నాడు.

మరుసటి యేడు మూడు స్కూళ్ళకి మళ్ళీ అప్లై చేశాను. ఈసారి నా రాత నేనే రాసుకున్నాను. టెంట్ హౌస్ అని రాశాను, ఐసు పెట్టె అని రాశాను. సిఫార్సు దగ్గర ఆగిపోయాను. ఉద్యోగం చేసేవాళ్ళకి పై అధికారి ఉంటాడు. నాకెవరున్నారు? అచ్యుతాపురం మేనేజరునే అడిగాను. అప్పటికి అతని కంపెనీకి చాలా పనులు చేసి ఉన్నాం, ఒక్కటీ చెడలేదు. వెండర్లకి సిఫార్సు ఇవ్వడం మా పాలసీ కాదని ఒక్క మాటలో తేల్చేశాడు. తను చదివిన స్కూలు పేరు నేను చెప్పినప్పుడు మాత్రం నా ముఖంలోకి చూశాడు. అందులో ఆశ్చర్యం కంటే చిరాకే ఎక్కువ కనిపించింది.

బాబాయి షాపులో వాటాదారు, ఆయన ఇచ్చినా చెల్లుతుంది. నాన్న బలవంతం మీద వెళ్ళి అడిగాను. నేను వెళ్ళిపోతే షాపు ఆయనదేనని కూడా చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

“నువ్వెలిపోతే షాపు నాకొత్తదని నాకు తెల్దా? అయినా ఇవ్వను. నీకు మంచి సేసినోణ్ణి మాత్రం నానవ్వను.”

ఆ ఒక్క విషయంలో మేమిద్దరం ఒకే రక్తమని అప్పుడు తెలిసింది.

చివరికి తుమ్మపాల వెళ్ళాను. ఆ చెరుకు రైతు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను కూర్చోమనలేదు. నిలబడే సంగతంతా చెప్పాను.

“నువ్వంటే నాకు పడదు” అన్నాడు.

“తెలుసు.”

“మరి నన్నెందుకడుగుతన్నావు?”

“నా పని దగ్గరుండి సూసినోరు మీరే. మెచ్చుకోమని అడగట్లేదు. సూసింది సెప్పండి సాలు.”

“మాట ఇనదని సెప్తాను. నా గుమ్మం పీకీసిందని సెప్తాను.”

“సెప్పండి.”

ఆయన లోపలికి కేకేశాడు. పుట్టింటికి వచ్చి ఉన్న ఆ పెళ్ళికూతురే ఫోన్ పట్టుకుని బయటికి వచ్చింది. చంటిపిల్ల చంకలో ఉంది. ఆయన చెప్పినది తను ఇంగ్లీషులో రాసి పంపేట్టు మాట్లాడుకున్నారు. ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. తన పెళ్ళిని నేను పాడుచేశానని ఇప్పటికీ అనుకుంటోందని ఆ ముఖంలో తెలుస్తోంది. మంచినీళ్ళు కూడా ఎవరూ ఇవ్వలేదు. నేను బండి స్టార్ట్ చేస్తుంటే ఆయన అరుగు దిగి వచ్చాడు.

“ఆ పోయినాయన నాకు మావ వరస. పక్కిల్లే. నాను ఎల్లి సూడనేదు.”

నేను బండి కదిలించాను. నేను అక్కడికి వెళ్ళింది ఆయన్ని ఓదార్చడానికి కాదు.

ఒక్క స్కూలు పిలిచింది, ఇంటర్వ్యూ హైదరాబాదులో. ముగ్గురిలో పెద్దాయన ప్రొఫెసరు. ఇక్కడ చదివి మళ్ళీ కుర్చీలు అద్దెకిచ్చుకోవడానికి వెళ్తే, ఆ సీటు ఇంకొకరికి పనికొచ్చేది కదా అని మొదలుపెట్టాడు. ఆ ఇంకొకరు ఎవరో చెప్తే ఆలోచిస్తానన్నాను. పక్కనున్నాయన దగ్గాడు. పెద్దాయన తన ముందున్న కాగితాలు తిరగేసి, మీరు మాట వినరని మీకు సిఫార్సు ఇచ్చినాయనే రాశాడన్నాడు. నిజమేనన్నాను. తుమ్మపాలలో జరిగింది జరిగినట్టు చెప్పాను. అయితే కస్టమర్ని పోగొట్టుకున్నారన్నాడు. ఇద్దర్ని పోగొట్టుకున్నానన్నాను. మళ్ళీ అలాంటిదే వస్తే ఏం చేస్తారన్నాడు. అదే చేస్తానన్నాను. అంటే ఏమీ నేర్చుకోలేదన్నమాట, అన్నాడాయన.

“నేర్చుకున్నాను. ఇప్పుడు పెళ్ళి ఒప్పుకునేటప్పుడే చెప్పేస్తున్నాను, పక్కింట్లో ఎవరైనా పోతే పెట్టె పంపిస్తానని. ఇష్టం లేనివాళ్ళు వేరే షాపుకి వెళ్తున్నారు.”

ఆయన నవ్వలేదు, మెచ్చుకోలేదు. ఇక మీరు వెళ్ళొచ్చన్నాడు.

మిగతా రెండు స్కూళ్ళూ పిలవకుండానే వద్దన్నాయి. ఈ స్కూలు వెయిటింగ్ లిస్టులో పెట్టింది. క్లాసులు మొదలవడానికి కాస్త ముందు, ఒక సీటు ఖాళీ అయిందని ఫోన్ వచ్చింది. నిజం రాశాను కాబట్టి వచ్చిందని నేనెవరికీ చెప్పను. రెండు చోట్ల అదే నిజాన్ని చెత్తబుట్టలో వేశారు. ఎవరో వదులుకున్న సీటు నాకొచ్చింది.

అక్కడ చేరాక నన్ను కొత్తగా అవమానించారు. మా బ్యాచ్‌లో ఎంత రకరకాల మనుషులున్నారో చూపించే పుస్తకంలో నా ఫోటో కావాలన్నారు. ఎక్కణ్ణించో రంగురంగుల షామియానా గుడ్డ తెచ్చి వెనక కట్టారు. నిన్నటిదాకా రాయకూడని మాట ఇప్పుడు అలంకారమైంది. టెంట్ హౌస్ అమ్మాయి అని కింద వేస్తారట, ఐసు పెట్టె మాత్రం వద్దట. ఫోటో తీసే అతను నవ్వండి మేడమ్ అని బతిమాలాడు. నవ్వలేదు. ఆ ఫోటోనే వేశారు. దృఢసంకల్పం అని దాని పక్కన రాశారు.

నేను వెళ్ళిన నెలలోనే బాబాయి షాపు బోర్డు మీద నాన్న పేరు చెరిపించాడు. నాన్న కర్ర పట్టుకుని రోజూ షాపుకి వెళ్ళేవారు. లోపల కాకుండా బయట మెట్ల పక్కన కుర్చీ వేసేవాడట బాబాయి. ఆ సంగతి అమ్మ ఫోన్లో చెప్పినప్పుడు పరీక్ష మధ్యలో ఉన్నాను. వెళ్ళి గొడవ పడలేదు. ఇక షాపుకి వెళ్ళొద్దని నాన్నకి చెప్పాను. ఆయన మానేశారు.

చదువయ్యాక విశాఖపట్నంలో ఒక కోల్డ్ స్టోరేజి సంస్థలో చేరాను. రొయ్యలు, చేపలు ఎగుమతికి వెళ్ళేదాకా చెడకుండా చూసే పని. ఆఫీసులో నన్ను ఓనర్ని పిలువు అనేవాళ్ళు లేరు. పని నచ్చింది. శనివారాలు అనకాపల్లి వస్తాను. మెయిన్ రోడ్డులో బాబాయి ఎదురుపడతాడు. ఆయన తల తిప్పుకోడు, నేనూ తిప్పుకోను. ఇద్దరం ఒకర్నొకరు చూసుకుంటూనే దాటిపోతాం.

మొన్న నాన్న కూడా బండి మీద నా వెనకే ఉన్నారు. ఇంటికొచ్చాక గుమ్మంలో చెప్పులు విడుస్తూ అన్నారు.

“పెద్ద సదువు సదివేవు. ఓపాలి పలకరిత్తే నీకేటి పోద్ది?”

“ఏటీ పోదు నాన్నా. అయినా పలకరించను.”

నాన్న ఆకలేస్తోందని అమ్మకి కేకేసి, కర్ర గోడకి ఆనించి లోపలికి వెళ్ళారు.