ఉన్నదీ లేనిదీ ఉండే చోటు

కరోనా సెలవుల తర్వాత కాలేజీలు మళ్ళీ గాడిన పడ్డ ఏడాది నన్ను అరకు కొండల్లోని ఒక డిగ్రీ కాలేజీకి తత్వశాస్త్రం లెక్చరరుగా బదిలీ చేశారు. ఏజెన్సీ పోస్టింగంటే మైదానపు లెక్చరర్లకు శిక్ష కిందే లెక్క. నాకు మాత్రం చలి తప్ప మరో ఫిర్యాదు లేదు.

చివరి సెమిస్టరులో ప్రతి విద్యార్థీ ఒక ప్రాజెక్టు రాసి వైవాకు కూర్చోవాలి. మార్కులు వేసేది ఎక్స్‌టర్నల్, అంటే వేరే కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడు. గైడు పక్కన కూర్చోవచ్చు గానీ నోరు మెదపకూడదు. హుకుంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చే పాంగి సుశీలకు గైడుని నేనే. ఆమె ఆధునిక జపాన్ తత్వవేత్తలు చెప్పిన శూన్యాన్ని ఎంచుకుంది. పరీక్ష తప్పితే చదువు మాన్పించి కాఫీ తోట పనిలో పెడతామని ఇంట్లో ముందే చెప్పేశారు.

ఎక్స్‌టర్నల్ విజయనగరం వైపు సీనియరు. మంచివాడే. ఆ శూన్యాన్ని మీ ఊరి ఉదాహరణతో చెప్పమన్నాడు. ఆమె తడబడింది. మీ అమ్మవారికి గుడీ విగ్రహమూ ఉండవట కదా, ఖాళీ జాగాకే మొక్కుతారట కదా, అదే శూన్యం కాదా అని తనే అందించాడు. అవునంటే చాలు, మార్కులు ఒళ్ళో పడతాయి.

అంతవరకూ పుస్తకాల తెలుగులో మాట్లాడిన పిల్ల ఇంటి మాటలోకి దిగింది.

“కాదు సార్. అక్కడ అమ్మోరు ఉంది. బొమ్మ సెయ్యనేదు, అంతే. మీకు అవుపడనేదని ఏటీ నేదంతే ఎలాగ?”

కూర్చున్న కొమ్మను నరుక్కుంటోందని నాకు భయం వేసింది. ఆయన ముఖం ముడుచుకుని, అయితే శూన్యమంటే ఏమిటో నువ్వే చెప్పమన్నాడు.

“కుర్సీ ఉంది అంతాం, కుర్సీ నేదు అంతాం. ఉన్నా నేకపోయినా, రెంటికీ ఓ సోటు ఉండాల కదా సార్. ఆ సోటు వస్తువు కాదు. దాన్నే ఆళ్ళు శూన్యం అన్నారు.”

జవాబు సరైనదే. ఆ తత్వవేత్తలు శూన్యమన్నది వట్టి లేమిని కాదు. ఎక్స్‌టర్నల్ పెన్ను తీశాడు. మార్కుల షీట్లో ‘స్థానిక అన్వయం’ అనే గడిని ఖాళీగా వదిలేశాడు. మిగతా వాటితో సుశీల గట్టెక్కింది గానీ ఫస్టు క్లాసు పోయింది.

బయటికి వచ్చాక, ఒక్క అవునుతో పోయేదానికి ఎందుకమ్మా ఇంత అన్నాను.

“అమ్మోరు నేదని సెప్పీసి ఇంటికెలా ఎల్తాను సార్?” అంది.

ఆ తర్వాత మిగిలిన సర్వీసులో ఏ విద్యార్థినీ నేను ఊరి ఉదాహరణ అడగలేదు. వాళ్ళంతట వాళ్ళు తెస్తే విన్నాను. మన సిద్ధాంతానికి ఉదాహరణ దొరికిందనుకునే ముందు, అది ఎవరి బతుకులోదో వాళ్ళని అడగాలి.