ముందుగాల దుడ్డెకే

బెల్లంపల్లి బొగ్గుబావుల లైన్లలో దేవవ్వను దేవవ్వ అని పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ ఆమె ‘ఎందుకవ్వ’. ఎందుకు అని అడగనిదే ఆమెకు ముద్ద దిగేది కాదు. సైరన్ కూస్తే కుక్కలెందుకు ఏడుస్తాయి? బావిలోకి దిగేవాళ్ళ టోపీకి దీపం ముందువైపే ఎందుకు పెట్టారు? పక్కింట్లో కొత్తగా కాపురం పెట్టిన నేను పాలకు పోతే, చెంబు నిండేలోపు కోర్టు బోనులో నిలబడి వచ్చినట్టుండేది.

పురుటి ఇంటికి పోతే మాత్రం ఒక్కటే అడిగేది. “తొలిపాలు తాపిండ్రా?” తాపలేదంటే ఆ గడప వదిలేది కాదు. ఆ పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆమె కూతురి రెండో కాన్పు రోజున వేడినీళ్ళ గిన్నె పట్టుకుని నేనక్కడే ఉన్నాను.

ఆమెది చొప్పదండి. మొగుడు రాజలింగుకు బావిలో పని దొరికితే, ఒక బర్రెను తోలుకుని వెంట వచ్చింది. తమ ఇంట్లో పెత్తనం బర్రెదేనని రాజలింగు నవ్వేవాడు.

అప్పట్లో మా లైన్లలో బిడ్డ పుట్టగానే తల్లి తొలిపాలు పిండి పారబోసేవారు. పచ్చగా, చిక్కగా ఉంటాయి కాబట్టి అవి చెడ్డపాలట! తెల్లపాలు పడేదాకా బిడ్డకు గుడ్డవత్తితో మేకపాలే. దేవవ్వ కూతురు అనసూర్య మొదటి కాన్పులోనూ అదే జరిగింది. ఆ పిల్లవాడు విరేచనాలు పట్టుకుని, పురుడు తీరకముందే పోయాడు. దేవుడు తీసుకుపోయాడన్నారు. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండో కాన్పుకు అనసూర్య మళ్ళీ పుట్టింటికే వచ్చింది. పొద్దున్నే ఆడపిల్ల పుట్టింది. ఎండ ఎక్కేసరికి పెరట్లో బర్రె కూడా ఈని దుడ్డెను వేసింది. కాన్పు చేసింది ఎలీసబెతు, మిషను ఆసుపత్రిలో పని నేర్చిన నర్సు. పిల్ల చాలా చిన్నది. మాయ పడింది కానీ, అనసూర్యకు రక్తం పోవడం తగ్గలేదు. ఎలీసబెతు ఆమె పొత్తికడుపు రుద్దుతూ, “పిల్లను రొమ్ముకు పెట్టుండ్రి” అని రెండుసార్లు చెప్పింది.

హుస్నాబాద్ నుంచి వచ్చిన అనసూర్య అత్త పోచవ్వ అడ్డం పడింది. “పచ్చపాలు తాపుతరా? కడుపు చెడిపోతది. మా ఇంట్ల ఎవ్వలు తాపలే.”

వియ్యపురాలి మాటకు ఎదురు చెప్పలేక దేవవ్వ బర్రె దగ్గరికి పోయింది. పోచవ్వ చెంబు పట్టుకుని వెనకే వచ్చింది. పెరటి తలుపు తీసే ఉంది, నాకంతా కనబడుతోంది, వినబడుతోంది.

“వదినె, జర జున్నుకు పాలు పిండు.”

“ఆగు వదినె, ముందుగాల దుడ్డెకే. అది తాగకుంటె దాని పానం నిలవది, బర్రెకు మాయ పడది.”

అని, దేవవ్వ ఆగిపోయింది. పొదుగు మీద చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

“వదినె, దుడ్డెకు మంచియైన పచ్చపాలు నా మనుమరాలికి చెడ్డయెట్లయినయి?”

“పసురానికీ మనిషికీ పోలికేందే?”

“ఎందుకు లేదు?”

దేవవ్వ దుడ్డెను పొదుగుకు వదిలి, చేతులు కడుక్కుని లోపలికి పరుగెత్తుకొచ్చింది.

“నర్సమ్మా, దుడ్డె చీకితె బర్రెకు మాయ పడుతది. మరి పిల్ల చీకితె నా బిడ్డకు నెత్తురు తగ్గుతదా?”

“తగ్గుతది. గర్భసంచి ముడుసుకుంటది. పొద్దటిసంది నేను మొత్తుకునేది గదే.”

“పచ్చపాలు పిల్లకు అరుగుతయా?”

“మంచిగ అరుగుతయి. రోగానికి ఎదురు నిలిచే బలం గా పాలల్లనే ఉంటది.”

“మేకపాలకెందుకుండది?”

“మేకపాలు మేకపిల్లకోసం. పైంగ ఆ వత్తి, ఆ గిన్నె! గీ బొగ్గు దుమ్ముల ఏది శుభ్రంగుంటది, చెప్పు?”

పోచవ్వ గుమ్మంలోంచి, “పిల్లకేమన్నయితె ఎవలు జవాబు?” అంది.

“పారబోస్తె ఏమైందో చూసినం గద వదినె,” అంది దేవవ్వ. అరవలేదు. పిల్లను ఎత్తి కూతురి రొమ్ముకు ఆనించింది.

పిల్ల వెతుక్కుంది, జారింది, మళ్ళీ వెతుక్కుని పట్టుకుంది. “అవ్వా, కడుపుల నొస్తుందే!” అంది అనసూర్య. “నొయ్యనియ్యి, సంచి ముడుసుకుంటుంది,” అని ఎలీసబెతు నవ్వింది. పొత్తికడుపు మీంచి మాత్రం చెయ్యి తియ్యలేదు. కాసేపటికి రక్తం తగ్గింది. పోచవ్వ వచ్చి పిల్ల పాదం ముట్టి చూసి, పక్కన కూర్చుంది.

ఎలీసబెతు సంచీ సర్దుకుంటుంటే దేవవ్వ మళ్ళీ అడిగింది.

“ముందటి పిల్లగాడు గూడ గిట్ల తాగితె బతికెటోడేనా?”

అన్నిటికీ జవాబిచ్చిన ఎలీసబెతు చేతులు ఆగిపోయాయి. “గది నేను చెప్పలేను దేవవ్వా. బలమైతె వచ్చెటిది.”

దేవవ్వ మంచం పక్కన కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“కుక్కల గురించి అడిగితిని, దీపాల గురించి అడిగితిని. గీ ఒక్కటి ఎందుకడగలే బిడ్డా నేను?”

అనసూర్య పిల్లను కదపకుండా, ఖాళీగా ఉన్న చెయ్యి చాచి తల్లి తల మీద పెట్టింది.