మా కొండ దాటే వెళ్లాలి

మా అమ్మాయి పోయి నెల కావొస్తోందండి. జ్వరమే కదా అనుకున్నాం. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లినా మనిషి దక్కలేదు. అప్పటినుంచి నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే ఎటో వెళ్లాలని ఉంటోంది. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వచ్చేస్తాను. వస్తే ఎదురుగా ధవళేశ్వరం కొండ.

అది బడిలో సోషల్ చెప్పేది. పిల్లలకు చెప్పబోయే పాఠం ముందు వంటింట్లో నాకు చెప్పి చూసుకునేది. నేను చదివింది అయిదో తరగతి. నాకు అర్థమైతే వాళ్లకూ అర్థమైనట్టేనని దాని లెక్క. మధ్యలో నేను పోపు వేస్తే, "క్లాసులో చప్పుడు చెయ్యకూడదు" అనేది.

కొండ పాఠమంటే మరీ ఇష్టం. నేను స్వామి దర్శనానికని ఎక్కితే, నన్ను పక్కకు లాక్కెళ్లి, కత్తిపీటతో కోసినట్టున్న కొండ అంచు చూపించేది.

"దేవుణ్ణి చూడ్డానికొచ్చి రాళ్లు చూడటమేంటే?"

"దేవుడు ఎక్కడికీ పోడమ్మా. రాళ్లు పోయాయి, అది చూడు."

ఆనకట్ట కట్టేటప్పుడు ఇక్కడి రాయే పగలగొట్టి ఏట్లో పోశారట. అంతకుముందు గోదారి వస్తే ముంచేది, రాకపోతే ఎండగట్టేది. "కొండ తరిగిపోలేదమ్మా, ఏట్లోకి దిగి పడుకుంది. అందుకే మనం అన్నం తింటున్నాం" అనేది. ఎగువన రాజమండ్రి వంతెనలు, దిగువన బ్యారేజీ, దాని అవతల ఏరు పాయలుగా విడిపోవటం, అన్నీ వేలుపెట్టి చూపించేది. ఇన్నేళ్లు కాపురం చేసిన ఊరిని నాకు చూపించింది అదే. "రాజమండ్రిలో ఏట్లో ఏం వేసినా మన కొండ దాటే వెళ్లాలి" అని కూడా చెప్పింది. అప్పుడు పూలదండల సంగతి అనుకున్నాం.

అస్థికలు రాజమండ్రి రేవులోనే కలపాలన్నారు మా బావగారు. నేనూ వస్తానన్నాను.

"ఆడవాళ్లు రాకూడదమ్మా. మనింట్లో లేదు."

"అయితే ఇక్కడే, కొండ కింద కలపండి బావగారూ. దానికి ఇష్టమైన చోటు."

"ఇష్టాలు చూసుకుంటే కర్మలు జరగవు" అన్నారు. ఆయన కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. మా అబ్బాయి అక్క అస్థికల కుండని ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాడు.

ఆటో మలుపు తిరగ్గానే నేను కొండ దారి పట్టాను. పక్కింటావిడ చూసి, "మైలలో గుడికేంటి వదినా?" అంది.

"గుడికి కాదు. అమ్మాయి వెళ్తుంటే చూడ్డానికి."

ఆవిడ లోపలికెళ్లి గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టింది.

గుడివైపు వెళ్లలేదు. కొండ అంచున కూర్చున్నాను, కూర్చోలేక లేచాను. కాసేపటికి అబ్బాయి ఫోన్ చేశాడు. "అయిపోయిందమ్మా" అని ఏడ్చాడు. అక్కడినుంచి ఇక్కడికి నీళ్లు రావటానికి ఎంతసేపు పడుతుంది? అడిగితే చెప్పే మనిషి అదే. ఏరు ఎర్రగా, నిదానంగా వస్తోంది. తెల్లగా ఏదో కనబడితే పువ్వనుకుని ముందుకు వంగాను. కొంగ.

పొద్దు వాలింది. ఈపాటికి బ్యారేజీ దాకా వచ్చే ఉంటుంది. అక్కడినుంచి కొన్ని నీళ్లు కాలవల్లోకి, కొన్ని గౌతమి పాయలోకి, కొన్ని వశిష్ఠ పాయలోకి. అది ఎటు వెళ్లిందో. గౌతమి వైపు చూశాను. అటు కాదేమోనని వశిష్ఠ వైపు తిరిగాను. మళ్లీ ఇటు. ఎండ ఎప్పుడో పోయింది. నా చేతిలో గొడుగు ఇంకా తెరిచే ఉంది.