డ్రైవర్ సీటు పక్కన చెక్క

ఎనభైల మొదట్లో మేము ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆ మాట విన్న ప్రతి తెలుగువాడూ తన కారు బానెట్ ఎత్తి ఆయన్ని పిలిచేవాడు. నిజానికి ఆయన పనిచేసేది సీట్ల మీద. స్ప్రింగు ఎంత వంగాలి, మనిషి నడుము ఎక్కడ ఆనాలి, అదీ ఆయన విద్య. ఇంజన్ల సంగతి ఆయనకీ నాకూ దాదాపు ఒకేలా తెలుసు. అయినా ఎవరైనా పిలిస్తే వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, చాలాసేపు తొంగిచూసి వచ్చేవారు.

ఆ ఏడు ఎండలు మొదలయ్యాక మా అత్తయ్యగారు వచ్చారు. వచ్చిన కొత్తలోనే నయాగరా తీసుకెళ్లాం. ఆవిడ బయట పొయ్యి మీద వండింది తినరు. దారి పొడుగునా అరటిపళ్లు, పెరుగు, అంతే. తిరిగి వచ్చేటప్పుడు వెనక సీట్లో నా పక్కన కూచుని మాట్లాడుతూ మాట్లాడుతూ నా ఒళ్లోకి వాలిపోయారు. పిలిస్తే పలకలేదు. మావారు కారు పక్కకి తీశారు. మొహం మీద నీళ్లు చల్లితే కాసేపటికి కళ్లు తెరిచి, "ఎందుకర్రా ఆ కంగారు? కాస్త కునుకు పట్టింది," అన్నారు. కునుకు కాదని ముగ్గురికీ తెలుసు.

పడమటి కొండలు అమ్మకి చూపించాలని మావారికి ఎప్పటినుంచో కోరిక. నయాగరా తర్వాత ఆ కోరిక ఇంకో దారి పట్టింది. వంటిల్లు మనతోపాటే రావాలి. పేపర్లో ప్రకటనలు చూడటం మొదలుపెట్టారు. మా ఇంటికి గంట దూరంలో ఒకావిడ వంటిల్లూ పడకా ఉన్న పాత డీజిల్ బండి, మోటార్‌హోమ్, అమ్ముతోంది. రిపేర్లు ఉన్నాయని ప్రకటనలోనే రాసింది.

"రిపేర్లు ఉన్నాయని ముందే చెప్పిందంటే నిజాయితీ గల మనిషన్నమాట," అన్నారు మావారు.

నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు. నాకు డ్రైవింగ్ కొత్తగా వచ్చింది. ఫ్రీవే మీద ట్రక్కు పక్కనుంచి పోతుంటేనే స్టీరింగు గట్టిగా పట్టుకుని ఊపిరి బిగబట్టేదాన్ని. అంత పెద్ద బండిలో, ఆ వయసు మనిషిని పెట్టుకుని, కొండలు ఎక్కడమూ దిగడమూనా? కానీ ఆయన మొహంలో ఆ వెలుగు చూశాక భయంగా ఉందని అనలేకపోయాను. "సరే, చూసొద్దాం," అన్నాను.

మర్నాడు ఆఫీసులో డీజిల్ ఇంజన్ల విభాగం అతనితో కూచుని లంచ్ చేసి వచ్చారు. సాయంత్రం ఆ విన్నదంతా మాకు అప్పజెప్పారు. పొగ ఏ రంగులో వస్తే ఏం అర్థం, ఆయిల్ ఎలా చూడాలి, అలాంటివి. అందులో ఒకటి మాత్రం నాకు గుర్తుండిపోయింది. పాతబడిన డీజిల్ ఇంజనుకి ఒక్కోసారి పిచ్చెక్కుతుందట. తన ఆయిల్ తనే తాగేస్తూ, తాళం తీసేసినా ఆగకుండా తిరుగుతుందట. గాలి అందకుండా చేస్తే తప్ప ఆగదట.

"ఎప్పుడో కోటికొకటి. ఊరికే చెప్పాడు," అన్నారు నా మొహం చూసి.

శనివారం పొద్దున ముగ్గురం వెళ్లాం. అమ్మే ఆవిడ పొట్టిగా, తెల్లటి జుట్టుతో ఉంది. భర్త పోయి ఏడాది దాటిందట. ఇంటి పక్కన మేపుల్ చెట్టు కింద బండి నిలబెట్టి ఉంది. బస్సులా ముక్కు లేకుండా, గోధుమరంగు చారలతో, నేననుకున్నదానికన్నా పెద్దది. ఎక్కే తలుపు మధ్యలో. దాని లోపలి పిడి విరిగిపోయింది. బయటి పిడిని కొంచెం పైకెత్తి లాగాలని ఆవిడ చేసి చూపించింది.

లోపల అడుగుపెట్టగానే అత్తయ్యగారు చిన్నపిల్లయిపోయారు. పొయ్యి ముట్టుకున్నారు, సింకు కొళాయి తిప్పారు. "ఇక్కడ బియ్యం డబ్బా, ఇక్కడ పోపుల పెట్టె. ఒరేయ్, కిటికీలోంచి కొండలు చూస్తూ పప్పు పెట్టుకోవచ్చురా!" అన్నారు. వెనక మంచం దగ్గర నా కాలి కింద నేల మెత్తగా దిగింది. పైకప్పు కారి చెక్క నానిందని ఆవిడ ఒప్పుకుంది. మావారు కూడా కాలితో నొక్కి చూసి, "ఇది పెద్ద పని కాదు," అన్నారు.

ముందు రెండు సీట్ల మధ్య పెద్ద పెట్టెలాంటి మూత ఉంది. దాని కిందే ఇంజను. డ్రైవర్ సీటు పక్కన ఒక మేకుకి చదరపు చెక్క ఒకటి వేలాడుతోంది, పట్టుకోవడానికి పైన కన్నంతో. అత్తయ్యగారు దాన్ని తీసి బరువు చూశారు. "కూరలు తరుక్కోవడానికి పీట కూడా ఉందే!"

అదెందుకని నేను అమ్మే ఆవిడని అడిగాను.

"మా ఆయన అక్కడే పెట్టేవాడు. ఎవరినీ తీయనిచ్చేవాడు కాదు. చక్రాల కింద పెట్టడానికేమో," అంది.

మావారు స్టీరింగు ముందు, ఆవిడ పక్క సీట్లో కూచున్నారు. అత్తయ్యగారూ నేనూ వెనక బల్ల దగ్గర కూచున్నాం. బండి కదిలింది. ఊరి బయట రోడ్డు మీద పక్కనుంచి ట్రక్కు పోయినప్పుడల్లా బండి మొత్తం ఒక పక్కకి జరిగేది. మావారు స్టీరింగు అటు తిప్పితే కాసేపయ్యాక గానీ చక్రాలు వినేవి కావు. అలమరల్లో ఏవో గలగలమంటున్నాయి. ఒక పల్లంలో దిగుతుంటే ఆయన మెడ మీద నరాలు ఉబ్బడం నాకు కనిపించింది. నేను బల్ల అంచు పట్టుకుని కూచున్నాను. అత్తయ్యగారు చెక్క ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తున్నారు.

తిరిగి మేపుల్ చెట్టు కిందికి చేరాం. ఆవిడా నేనూ దిగాం. అత్తయ్యగారు పొయ్యి ఇంకోసారి చూసొస్తానన్నారు. నా వెనకే తలుపు పడింది. మావారు తాళం తిప్పి బయటకి తీశారు.

ఇంజను ఆగలేదు.

మొదట నాకు అర్థం కాలేదు. శబ్దం తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. ముందు మూలుగులా, తర్వాత అరుపులా, తర్వాత చెవులు పగిలేంత కేక. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ కుప్పలుగా వచ్చి చెట్టునీ ఇంటినీ కమ్మేసింది. బండి నిలబడ్డ చోటే ఊగిపోతోంది. అద్దంలోంచి మావారు కనిపిస్తున్నారు. తాళం చేతిలోనే ఉంది. మళ్లీ పెట్టి మళ్లీ తిప్పుతున్నారు. డ్యాష్‌బోర్డు కింద ఏదో పిడి లాగుతున్నారు.

"దిగండి! అత్తయ్యా, దిగండి!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు.

తలుపు పిడి పట్టుకుని లాగాను. రాలేదు. పైకెత్తి లాగాలని అప్పుడే చూపించారు కదా, ఆ సంగతే నా బుర్రలో లేదు. లాగుతూనే ఉన్నాను. తలుపు అద్దం అవతల అత్తయ్యగారి మొహం కనిపించింది. లోపల పిడి లేదు. ఆవిడ ఒక చేత్తో చెక్క పట్టుకుని, ఇంకో అరచేత్తో తలుపు కొడుతున్నారు. కొద్దిసేపటి క్రితం పోపుల పెట్టె ఎక్కడ పెట్టాలో చెప్పిన మనిషి. నయాగరా నుంచి వస్తూ నా ఒళ్లో వాలిన తలే నా కళ్ల ముందు మెదిలింది. ఇంజను పగిలి ముక్కలు లోపలికి ఎగురుతాయని, నా కళ్లెదుటే ఆవిడకి ఏదో అవుతుందని అనుకున్నాను.

అప్పుడు మావారు ఇంజను మూత ఎత్తేశారు. వెనక్కి తిరిగి తల్లిని ఏదో అడిగారు. ఆవిడ ముందుకి తూలుతూ వెళ్లి చేతిలో ఉన్న చెక్క అందించారు. ఆయన లోపల ఏదో తీసి పడేసి, రెండు చేతులతో చెక్కని కిందికి నొక్కారు. ఇంజను ఒక్కసారి గింజుకుంది. బండి ఎగిరిపడ్డంత పని చేసింది. ఆ తర్వాత నిశ్శబ్దం.

వెనకనుంచి అమ్మే ఆవిడ వచ్చి, నా చేతులు పక్కకి తప్పించి, పిడి పైకెత్తి లాగింది. తలుపు తెరుచుకుంది. అత్తయ్యగారు నా మీదికి దిగారు. ఇద్దరం పచ్చిక మీద కూలబడ్డాం.

మావారు చాలాసేపటికి దిగారు. చేతులు, చొక్కా నల్లగా ఉన్నాయి. చెక్క మా ముందు గడ్డి మీద పెట్టారు, మేమెవరం చూడని వైపు పైకి తిప్పి. దాని మీద నల్లగా, లోతుగా, గుండ్రటి మచ్చ. ఒక్క గుండ్రం కాదు, ఒకదాని మీద ఒకటి, కొంచెం పక్కకి జరిగి, చాలా ఉన్నాయి.

"గాలి గొట్టం నోరు సరిగ్గా ఇంతే ఉంది," అన్నారు తెలుగులో. తర్వాత అదే మాట ఆవిడకి ఇంగ్లీషులో చెప్పారు.

ఆవిడకి అర్థం కావడానికి కొంచెం పట్టింది. వంగి ఆ మచ్చ మీద వేలు పెట్టింది. "నేను పక్కనే కూచునేదాన్ని," అంది. "కొండల్లోకీ వెళ్లాం. 'నువ్వు ముందు దిగు, నేను బండి ఆపేసి వస్తా' అనేవాడు. ఎప్పుడూ అంతే. మర్యాద అనుకున్నాను."

ఆవిడ ఏడవలేదు. లోపలికి వెళ్లి మాకు మంచినీళ్లు తెచ్చింది.

ఇంటికి వచ్చే దారిలో ఫ్రీవే ఎక్కాక మావారే మొదలుపెట్టారు. "రోగం ఏమిటో తెలిసింది కదా. ఆయిల్ సీళ్లు మార్పిస్తే సరిపోతుంది. ట్రక్కుల గ్యారేజీలో చూపిద్దాం."

ఈయన ఇంకా వదల్లేదు! నేను నోరు తెరిచేలోపు అత్తయ్యగారు అన్నారు, "బాగు చేయిస్తావు నాన్నా. కాదనను. కానీ ఆ తర్వాత ఇంకోటేదో చెడుతుంది. అప్పుడు నువ్వు మాకు చెప్తావా? నువ్వూ ఓ చెక్క ముక్క పక్కన పెట్టుకుని, 'మీరు ముందు దిగండి' అనే రకానివే. మీ నాన్నగారూ అంతే. గుండెల్లో నొప్పి అని ఒక్కనాడూ అనలేదు."

మావారు వైపర్లు వేశారు, వాన లేకపోయినా. మళ్లీ ఆపేశారు.

"నాకు చాలా భయంగా ఉందండీ. మొదటినుంచీ ఉంది," అన్నాను. అంత తేలిగ్గా ఎలా అనగలిగానో తెలియదు.

కొంచెం దూరం పోయాక, "నాకు కూడా," అన్నారు. "ఆ పల్లంలో బ్రేకు తొక్కితే పెడల్ కిందికంటా పోయింది. చెప్తే భయపడతారని..." అని ఆగిపోయారు.

సోమవారం ఆయన బండి ఆవిడకి ఫోన్ చేసి వద్దని చెప్పారు. ఆవిడ కూడా అమ్మే ఉద్దేశం మానుకుందట. ఇంజను తీయించి పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తానంది. మీ అమ్మగారు ఎలా ఉన్నారని రెండుసార్లు అడిగిందట.

నాకు ఆ నెలంతా సరిగ్గా నిద్ర లేదు. మిక్సీ గట్టిగా తిరిగినా, పక్కింటివాళ్లు గడ్డి కోసే మెషిన్ స్టార్ట్ చేసినా తలుపు అద్దం వెనక అత్తయ్యగారి మొహం కనిపించేది. అత్తయ్యగారు మాత్రం ఆ ఊసెత్తలేదు. బాత్రూమ్ తలుపు గడియ పెట్టడం మానేశారు, అంతే.

ఎండాకాలం అయిపోతుండగా మా స్టేషన్ వాగన్‌లోనే పడమటికి బయల్దేరాం. క్యాంపు స్టవ్, బియ్యం, పప్పు, ఊరగాయ సీసాలు వెనక పెట్టుకున్నాం. రోడ్డు పక్క పిక్నిక్ బల్లల మీద అత్తయ్యగారే వండేవారు. చీర చెంగు బొడ్లో దోపుకుని, గాలికి స్టవ్ ఆరిపోకుండా అడ్డంగా నిలబడేవారు. వచ్చేపోయేవాళ్లు పోపు వాసనకి ఆగి చూసేవాళ్లు.

కొండలు వచ్చాయి. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగడం మొదలైంది. ఒక పక్క లోయ, ఇంకో పక్క రాయి. నేను కాళ్లతో నేలని నొక్కుతూ కూచున్నాను. ముందు సీట్లో అత్తయ్యగారు కదలకుండా ఉన్నారు. కొంచెం దూరం దిగాక మావారు గొంతు సవరించుకున్నారు.

"బ్రేకులు కాస్త వేడెక్కుతున్నట్టున్నాయి. వాసన వస్తోంది. ఎక్కడైనా ఆపుతాను."

మలుపు దాటాక రోడ్డు వెడల్పైన చోట ఆపారు. ముగ్గురం దిగి, చక్రాలకి రాళ్లు పెట్టి, గోడ మీద కూచున్నాం. అత్తయ్యగారు పులిహోర డబ్బా మూత తీశారు. కింద లోయలో ఎక్కడో నది ఉన్నట్టు చప్పుడు. బ్రేకులు చల్లారేదాకా అక్కడే కూచున్నాం.