చెప్పని మూడో దారి

పోయిన మంగళవారం ఆఫీసు నుంచి వస్తూ బస్సు దిగుతుంటే పక్కింటి అక్క ఫోన్ చేసింది. "నాన్న వెళ్లిపోయాడమ్మా. ఇంట్లోనే, నిద్రలోనే" అంది. అక్క డాక్టరు కదా, ఆమె గొంతు నిలకడగానే ఉంది. నేనే బస్‌స్టాపులో కూలబడి ఏడ్చాను.

మీలో చాలామందికి ఆయనెవరో తెలియదు. గుంటూరులో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరై, భార్య పోయాక ఇక్కడ ఐర్లండ్‌లో, మా క్లోనీ ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చిన లెక్చరరు. ఇక్కడ మనవాళ్లంతా ఆయన్ని అంకుల్ అనేవారు. నేను మాత్రం మాస్టారూ అనేదాన్ని. నాకు ఆయన నిజంగానే పాఠం చెప్పారు.

మా చుట్టుపక్కల డేటా సెంటర్ల కోసం క్రేన్లు లేస్తున్న రోజులవి. మావారికి అక్కడే పని, నాకు లెపర్డ్స్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. తోటివాళ్లంతా కొత్త సర్టిఫికెట్ల వెంట పడుతుంటే, నేను సాయంత్రం తరగతుల్లో అంతర్జాతీయ సంబంధాల ఎం.ఏ.లో చేరాను. "దానివల్ల జీతం పెరుగుద్దా?" అని అడగనివాళ్లు లేరు. మాస్టారు ఒక్కరే "ఏ అంశం తీసుకున్నావమ్మాయ్?" అన్నారు. అధ్యక్షుడి ఆంతరంగిక సలహాదారులు దేశ విదేశాంగ విధానాన్ని ఎలా మలుస్తారన్నది అని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సంతోషం కలిగినప్పుడల్లా అదే పని.

నా మొదటి అధ్యాయం చదివి నవ్వారు. "అధ్యక్షుడి ఉపన్యాసాలన్నీ పోగేశావు, బాగానే ఉంది. అవి రాసిపెట్టినవాడు ఏడీ?" ఆయనకో అలవాటుండేది. పేపర్లో దేశాధినేతల ఫొటో వస్తే, నడిమధ్య ఉన్న పెద్దమనిషి మొహం మీద బొటనవేలు పెట్టి మూసేసేవారు. "ఇప్పుడు చెప్పు. చెవికి దగ్గరగా ఎవరున్నారు? ఉండాల్సినవాళ్లలో ఎవరు లేరు?"

సలహాదారుడి బలం సలహాలో లేదు, ముందు పెట్టే దారుల్లో ఉంది అనేవారు. అది చెప్పాలంటే వాళ్లావిడ సంగతి ఎత్తాల్సిందే. "పొద్దున్నే వచ్చి, కాకరకాయ వేపుడు చెయ్యనా, రాత్రి పప్పు వెచ్చబెట్టనా, దోసకాయ పచ్చడి చెయ్యనా అనేది. నేను దర్జాగా పచ్చడి అనేవాణ్ణి. అప్పటికే దోసకాయ తరిగేసి ఉండేది. దేశాలూ అంతేనమ్మా. ఒకటి యుద్ధం, ఒకటి లొంగుబాటు, మధ్యలో సలహాదారుడికి కావాల్సింది. అధ్యక్షుడు ఆ మధ్యది పట్టుకుని, నిర్ణయం నాదే అనుకుంటాడు."

కిందటి శీతాకాలం ఆయనకు క్యాన్సర్ అని తేలింది. అక్క ఆసుపత్రిలో పెద్ద డాక్టరుతో తానే మాట్లాడి ఆయనకు రెండు దారులు చెప్పింది. గట్టి మందులు ఒకటి, మెల్లగా ఇచ్చే మందులు రెండోది. వంటింట్లో నాకు మాత్రం మూడోది కూడా చెప్పింది. "వైద్యం వద్దనుకుంటే, నొప్పి తెలియకుండా చూసుకునే నర్సులు ఇంటికే వస్తారు. నాన్నకి తెలిస్తే అదే పట్టుకుంటాడు. నువ్వు ఆ మాట ఎత్తమాక."

ఆ ఆదివారం నేను వెళ్లేసరికి మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. "రెండు దారులూ ఆసుపత్రికే పోతున్నాయమ్మాయ్. అటు పోని దారి ఇంకోటి ఉండాలి. ఎవరో తీసేశారు." నావైపు తిరిగారు. "నువ్వెవరి సలహాదారువి?"

నేను అబద్ధమాడలేదు, అక్క గుట్టూ విప్పలేదు. "మీ అమ్మాయినే అడగండి మాస్టారూ. నేనూ ఇక్కడే కూర్చుంటాను" అన్నాను.

అక్క చేతిలో గరిటెతోనే వచ్చింది. ఆయన అడిగింది విని ముందు నా మీద మండిపడింది. తర్వాత కుర్చీలో కూలబడింది. "తీసేసింది నేనే. నాకు నువ్వు కావాలి నాన్నా."

"ఆ మాట ముందే చెప్పాల్సింది" అన్నారాయన మెత్తగా. "నీకేం కావాలో చెప్పు, ఎంతసేపైనా వింటా. వాదించు. కానీ నా ముందు నుంచి దారిని తీసెయ్యమాక. ప్రేమతో తీసేసినా, ఇక అక్కడ నేను లేనట్టేగా."

మూడు దారులూ మళ్లీ చెప్పించుకున్నారు. క్లాసులో లాగా ఒక్కోదానికీ ప్రశ్నలేశారు. అక్క మనసులో ఉన్నదంతా చెప్పింది, వాదించింది, ఓడిపోయింది. ఆయన మూడోదే తీసుకున్నారు. ఆ వసంతమంతా ఇష్టమైనవి చేయించుకుని తిన్నారు. నర్సు వచ్చి ఎలా ఉన్నారని అడిగితే ఐరిష్‌వాళ్ల కంటే ధీమాగా, బాగున్నాననడానికి వాళ్లు వాడే మాటతోనే, "గ్రాండ్" అనేవారు. నా చివరి అధ్యాయం మీద నాతో దెబ్బలాడుతూనే ఉన్నారు.

ఆ అధ్యాయాన్ని నేను పూర్తిగా తిరగరాశాను. స్వార్థపరుడైన సలహాదారుణ్ణి పట్టుకోవడం తేలికేనని, దేశాన్ని దారి మళ్లించేవాళ్లలో అధ్యక్షుణ్ణి ప్రేమించేవాళ్లూ ఉంటారని రాశాను. అధ్యక్షుడు బాధపడకూడదని వాళ్లు చేదు మాటనూ కష్టమైన దారినీ గది బయటే ఆపేస్తారు. పరీక్షకులు ఆధారాలు గుచ్చి గుచ్చి అడిగారు. దేశాల ఉదాహరణలతోనే జవాబు చెప్పి నిలబెట్టుకున్నాను. ఆ వాదన సరైనదని నాకు ఇవాళ్టికీ అనుమానం లేదు. దాన్ని ఎవరింట్లో నేర్చుకున్నానో పరీక్షకులకు చెప్పలేదు, మీకు చెబుతున్నాను. మాస్టారు లేకపోతే నేను ఇంకా ఉపన్యాసాలు పోగేస్తూ ఉండేదాన్ని.

చివరి వారాల్లో ఒకరోజు మంచి ఎండ కాసింది. బట్టలు ఆరేస్తూ గోడ మీదుగా వాళ్ల పెరట్లోకి చూశాను. మాస్టారు మంకీ క్యాప్ పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటున్న అక్క నేల మీద కూర్చుని ఆయన కాలిగోళ్లు తీస్తోంది.

"రెండో కాలివి కూడా తియ్యనా నాన్నా, ఇవాళ్టికి చాలా?" అని అడిగింది.

"తియ్యి" అన్నారాయన.

తీస్తుండగానే ఆయనకు నిద్రపట్టింది. గోళ్లు తీయడం అయిపోయింది. ఆమె ఆ పాదాన్ని ఒళ్లోంచి దించలేదు.