తువ్వాలు కింద చందా

నగరిలో మరమగ్గం ఆగిపోతే ముందు కరెంటాఫీసుకు ఫోను చేస్తారు, తర్వాత నాయబ్ రసూల్‌కు. యాభై నాలుగేళ్ల మెకానిక్. గుమ్మంలో నిలబడి చప్పుడు విని మగ్గానికి ఏమొచ్చిందో చెప్పేస్తాడు. అయితే ఊరు అతన్ని గౌరవించింది రెంచి పట్టినందుకు కాదు, తువ్వాలు పట్టినందుకు.

ఆ వీధుల్లో ఎవరింట కష్టమొచ్చినా చందా ఎత్తేది రసూలే. భుజం మీది తువ్వాలు చేతి మీద కప్పుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. ఇచ్చేవాళ్లు తువ్వాలు కింద చెయ్యి పెట్టి నోటు అతని గుప్పిట్లో వదలాలి. పది ఇచ్చినవాడు సిగ్గుపడకూడదు, వెయ్యి ఇచ్చినవాడు మీసం తిప్పకూడదు. మొత్తం ఎంతయిందో ఎవరికీ చెప్పడు. కష్టంలో ఉన్నవాడికి అందించేదీ తువ్వాలు కిందే. పుచ్చుకునేవాడి చేత సంతకం పెట్టించుకోవడమంటే చెంప మీద కొట్టడమేనని తండ్రి నేర్పాడు. ముప్పై ఏళ్లలో ఒక్కడూ లెక్క అడగలేదు. ఎవడో ఒకడు అడిగి ఉంటే బాగుండేది. మనిషికి జాగ్రత్త తెలిసేది.

మూడేళ్ల కిందట మగ్గం నేసే ధనంజయ కూతురు రూపశ్రీకి కాలేయం చెడిపోయింది. తొమ్మిదేళ్ల పిల్ల. చెన్నై ఆసుపత్రిలో చెప్పిన ఖర్చుకు నగరి మొత్తం ఇచ్చినా చాలదు. తిరుపతిలో డిగ్రీ చదువుతున్న రసూల్ కూతురు ఇఫ్ఫత్ ఫోనులో ఆన్‌లైన్ చందా పేజీ తెరిచి, రూపశ్రీ ఫోటో పెట్టి, నాలుగు ముక్కలు రాసింది. డబ్బు పడటానికి ఒక బ్యాంకు ఖాతా కావాలి. ధనంజయ ఖాతాలో పడితే అప్పిచ్చిన ఫైనాన్సు కంపెనీ వాయిదాల కింద పట్టేసుకుంటుంది.

"నీ ఖాతా ఇయ్యన్నా. నీకన్నా నమ్మకమైనోడు నాకు యాడుండాడు?" అన్నాడు ధనంజయ.

డబ్బు నేరుగా ఆసుపత్రికే పంపే వీలు కూడా ఆ పేజీలో ఉంది. ఇఫ్ఫత్ అలాగే చేద్దామంది. రసూల్ ఒప్పుకోలేదు.

"బిడ్డ వైద్యానికి నాయన చేత్తో కట్టాల మా. ఎవురో కట్టినారంటే ఆయప్ప ఆడ తలెత్తుకోని తిరగలేడు."

ఎంత మంచి మాట! ఆ మంచితనమే తర్వాత మెడకు చుట్టుకుంది.

పేరూ ఊరూ తెలియనివాళ్లు పదకొండు లక్షల నలభై వేలు పంపారు. రసూల్ విడతలుగా తీసి, చెన్నై బస్సెక్కి, ఆసుపత్రి మెట్ల దగ్గర ధనంజయ చేతిలో తువ్వాలు కింద పెట్టి వచ్చేవాడు. ఆరుసార్లు పోయాడు. బస్సు చార్జీ కూడా సొంత జేబులోదే. ఆసుపత్రిలో చేరిన ముప్పై ఆరో రోజున పిల్ల పోయింది. మిగిలిన డబ్బు అప్పుకు కట్టుకోమని ధనంజయతో చెప్పిందీ రసూలే. ఆసుపత్రి కాగితాలను పిల్ల బట్టలతో పాటు తల్లి తగలబెట్టేసింది. వాటిని ఎదురుగా పెట్టుకుని ఏ తల్లి బతుకుతుంది?

ఈ ఎండాకాలం రసూల్‌కు ఆదాయపు పన్ను నోటీసు వచ్చింది. ఖాతాలో పడిన పదకొండు లక్షల నలభై వేలను రిటర్నులో ఎందుకు చూపలేదని. ధర్మం డబ్బుకు పన్నేందని నవ్వుకుంటూ చిత్తూరు పోయి ఆడిటర్ గంగాధరానికి చూపించాడు. గంగాధరం నవ్వలేదు.

"బంధువులు కానోళ్లు ఏడాదిలో యాభై వేలకు మించి ఇస్తే అది నీ ఆదాయం కిందికే వస్తాది భాయ్. జాలిపడి ఇచ్చినా అంతే."

"నాకియ్యలేదు సార్. పాపకిచ్చినారు."

"పడింది నీ పాన్ కార్డు మీద. నేరుగా ఆసుపత్రికి పోయింటే సూపించేదానికి రసీదన్నా ఉండేది. నువ్వు మద్దిలో మనిషివేనని ఇప్పుడు రుజువు కావాల. మొత్తం తనకు ముట్టిందని ధనంజయ రాసిస్తే ఒక దారుండాది. లేకుంటే పన్ను, వడ్డీ, జరిమానా కలిపి మూడు లక్షలకు తగ్గదు."

"రాసిస్తే ఆయప్పకేమయితాది?"

"రేపు ఆయప్పను కూడా అడగొచ్చు. సెప్పలేం."

బిడ్డ పోయిన ఇంటికి ఆడిటర్ రాసిచ్చిన కాగితం పట్టుకుని పోవడానికి రసూల్‌కు నాలుగు రోజులు కాళ్లు రాలేదు. అయిదో రోజు మగ్గాల షెడ్డుకే పోయాడు. ధనంజయ మగ్గం ఆపి కాగితం రెండుసార్లు చదివాడు.

"దీనికి సంతకం పెడితే నన్ను పట్టుకుంటారాన్నా?"

"అడిగితే అడగొచ్చంట. నీకు అబద్దం సెప్పలేను."

అబద్ధం చెప్పి ఉంటే సంతకం పడేది. ధనంజయ కాగితంలోని అంకె మీద వేలు పెట్టాడు. తర్వాత అన్నాడు:

"ఆసుపత్రికి కట్టింది ఏడు లక్షల ఇరవై వేలు. నువ్విచ్చింది అంతే కదన్నా."

"పదకొండు నలభై ఇచ్చినాను ధనంజయా. మెట్ల కాడ, ఆరు తూర్లు."

"నాకు ఏడే గుర్తుండాది."

పక్క మగ్గాలు కూడా ఆగాయి. అందరూ వింటున్నారు.  మిగిలింది అప్పుకు కట్టుకున్న సంగతి ఎత్తితే ధనంజయ అందరి ముందూ చచ్చిపోతాడు. రసూల్ ఆ మాట ఎత్తలేదు. అంకె కొట్టేసి, పైన ఏడు లక్షల ఇరవై వేలని రాసి సంతకం పెట్టించుకున్నాడు. బిడ్డను పోగొట్టుకున్నవాణ్ని తిట్టడానికి నోరు రాదు. కానీ ధనంజయ ఆ రోజు చేసింది పాపం, కడుపుకోత పేరు చెప్పి దాన్ని మాపలేం.

సాయంత్రానికి టీకొట్ల దగ్గర అదే మాట. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. తువ్వాలు కింద ఎంత పోయిందో అల్లాకే ఎరుక అన్నవాళ్లలో, ఒకప్పుడు ఆ తువ్వాలుతోనే బతికి బయటపడినవాళ్లూ ఉన్నారు.

ఇంట్లో భార్య జైనబ్ బీ అన్నం పెట్టింది.

"సంతకం పెట్టినాడా?"

"పెట్టినాడు. ఏడు లక్షల ఇరవై వేలకు. మిగతాదానికి పన్ను మనమే కట్టాల. ఇంటి స్థలం అమ్మేద్దాం."

ఆమె చారు పోసింది. వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి పక్కన కూర్చుంది. కోపం లేదు. జ్వరం వచ్చినవాణ్ని అడిగినంత మెల్లగా అడిగింది.

"నేను ఎవురికీ సెప్పను. నాకు మాత్రం సెప్పు. ఆ నాలుగు లక్షలు యాడ పెట్టినావు?"

రసూల్ కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.