బామ్మర్ది నిద్రపోలేదు

మా బామ్మర్ది లారీ నడుపుతూ నిద్రపోయాడని ఆర్మూర్‌లో చాలామందికి తెలుసు. చెప్పింది నేనే. అది అబద్ధమని పోయిన సీజన్ దాకా తెలిసినవాళ్లం ఇద్దరమే: నేను, లారీలు బాగుచేసే మిస్త్రీ.

అప్పట్లో నేను రైతుల దగ్గర పసుపు కొని నిజామాబాద్ యార్డుకు తోలేవాణ్ని. లారీ నాది, నడిపేది మా ఆవిడ తమ్ముడు. ఆ బండిని వాడు చూసుకున్నంత ముద్దుగా నేను మా పిల్లల్ని కూడా చూసుకోలేదు. ఒకరోజు వాడు, "బావా, స్టీరింగ్ జర లూజున్నట్టుంది. నేను భీమ్‌గల్ పోయొచ్చేలోపు మిస్త్రీకి చూపెట్టు," అన్నాడు.

మిస్త్రీకి ఒక అలవాటు. ఓనరు స్వయంగా బండి కింద పడుకుని చేయి పెట్టి చూడనిదే రిపేరు మొదలుపెట్టడు. నన్నూ పడుకోబెట్టాడు. ముందు చక్రం దగ్గరి రాడ్డు చివర నా అరచేయి ఆనించి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పించాడు. లోపలి జాయింటు టక్కుటక్కున కదలడం చేతికి తెలిసింది.

"గది ఊడిందనుకో సేట్, స్టీరింగ్ నీ చేతుల్నే ఉంటది. చక్రం దాని తోవల అది పోతది. సామాను తెప్పియ్యాలె. మూడు దినాలు బండి ఈడనే ఉండనియ్యి."

పసుపు బేరంలో నేను చేసే పని ఒకటుంది. కొమ్ము ఎంత బాగున్నా సరే, విరిచి చూసి మొహం చిట్లిస్తాను. సరుకు బాలేదంటాను. నేను అబద్ధమాడుతున్నానని రైతుకు తెలుసు, ఆయనకు తెలుసని నాకూ తెలుసు. అక్కణ్నుంచే ధర మొదలవుతుంది. ఇరవయ్యేళ్లు అలా బతికినవాణ్ని. మిస్త్రీ మాటా నాకు అలాగే వినిపించింది.

"సీజన్ల మూడు దినాలా? ఒక్క పూటల చేసియ్యి."

"గిది పసుపు గాదు సేట్."

బేరం తెగనప్పుడు మేం లేచి రోడ్డు దాకా నడుస్తాం, వెనక నుంచి పిలుస్తారని. నేనూ నడిచాను. ఆయన పిలవలేదు. అదే నాకు కోపం తెప్పించింది. బండి ఇంకో షెడ్డుకు తోలించాను. వాళ్లు కింది జాయింటు ముట్టుకోకుండా పైన ఒక స్క్రూ బిగించి, గ్రీజు కొట్టి ఇచ్చారు. స్టీరింగ్ గట్టిపడింది. భీమ్‌గల్ నుంచి వచ్చిన బామ్మర్దితో, "మిస్త్రీ అంత చూసిండురా, ఏం ఫికర్ లేదన్నడు," అన్నాను. మిస్త్రీ పేరు చెప్పగానే వాడు నిశ్చింతగా బండెక్కాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మాక్లూర్ దాటక ముందే లారీ రోడ్డు దిగి మక్కచేనులోకి పోయింది. వాడి చెయ్యి విరిగింది, తల కొట్టుకుని స్పృహ తప్పింది. దవాఖానలో చుట్టాలంతా ఏమైందని అడిగితే, "అప్పుడే తిని బండెక్కిండు, కన్నంటుకున్నదేమో," అన్నాను. ఆ 'ఏమో' సాయంత్రానికి రాలిపోయింది. కళ్లు తెరిచిన వాడికి, పడిన క్షణం ఏమీ గుర్తులేదు.

లారీని మిస్త్రీ షెడ్డుకే లాక్కొచ్చారు. విరిగిన జాయింటు ఆయన నా చేతిలో పెట్టాడు. "నీ ఇంటి మనిషి. నువ్వే చెప్పుకోవాలె సేట్," అని ఊరుకున్నాడు.

నేను చెప్పలేదు. ఆ తర్వాత వాడికి ఎవరూ బండి ఇవ్వలేదు. నా దుకాణంలోనే కాంటా దగ్గర నిలబడ్డాడు. హమాలీలు, "ఏమే డ్రైవరన్నా, తెలివితోనే ఉన్నవా?" అని ఆటపట్టిస్తే, గురక పెట్టి చూపించి వాళ్లను నవ్వించేవాడు. నేనూ నవ్వేవాణ్ని.

పోయిన సీజన్‌లో ఆలూర్ ఆసామి ఒకాయన వాడికి లారీ ఇస్తానన్నాడు. వాడు నా దగ్గరికొచ్చి తల గోక్కున్నాడు.

"బావా, ఒక్క మాట సాయం జెయ్యి. ఇగ నిద్రవోడు, నాది జిమ్మా అని ఆయనకు చెప్పు."

వాణ్ని మోటర్ సైకిల్ మీద ఎక్కించుకుని మిస్త్రీ షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడున్న నలుగురి ముందు, స్క్రూ బిగించిన సంగతితో సహా అంతా చెప్పాను. మిస్త్రీ చేతిలోని పానా పక్కన పెట్టి, అవునన్నట్టు తలూపాడు.

కొడతాడనుకున్నాను. వాడు పాత టైరు మీద కూలబడ్డాడు.

"అయితే నేను నిద్రవోలేదా, బావా?"

"లేదురా."

"మోటర్ సైకిల్ మీద పోయినా సరే, ఊరూరికి ఆగి కండ్లల్ల నీళ్లు కొట్టుకుంటున్న ఇన్నేండ్ల సంది," అన్నాడు.

నేను ఫోను తీశాను. "ఆలూర్ ఆయనకు ఇప్పుడే చెప్త..."

"నువ్వొద్దు," అన్నాడు, చొక్కా అంచుతో మొహం తుడుచుకుంటూ. "నీ మాటతోని నాకు బండి వద్దు. మిస్త్రీ చెప్తడు."

మిస్త్రీ చేతులు కడుక్కుని ఫోను అందుకున్నాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ మా బామ్మర్ది నా వైపు చూడలేదు.